హుస్సేన్‌సాగర్ మీద పడవ షికారు: నిన్న, నేడు

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మన యిళ్ళలో పిల్లల గోల మొదలవుతుంది. జిల్లాల నుంచి చుట్టాలు దిగుతారు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ పార్కు చూడటం అయ్యాక, "ఇక ట్యాంక్‌బండ్‌కి పోదాం, పడవ ఎక్కుదాం" అని పట్టుబడతారు. మేమూ అలా వెళ్ళినవాళ్ళమే. అసర్ నమాజు చదువుకుని బయలుదేరి, ఎండ వాలే వేళకు లుంబినీ పార్కు రేవు చేరి, టికెట్లు తీసుకుని, చిన్నపిల్లల్ని మధ్యలో కూచోబెట్టుకుని బుద్ధ విగ్రహం దాకా లాంచీలో వెళ్ళి రావటం, గాలికి ఒళ్ళు చల్లబడటం, మగ్రిబ్ వేళకు ఒడ్డున దీపాలు వెలగటం... పగలంతా ఉడికిపోయిన మనిషికి అదొక గొప్ప ఉపశమనం అనుటలో అతిశయోక్తి లేదు.

అయితే ఆ అరగంట సంతోషం మన పడవ కిందికి ఎక్కడి నుంచి వచ్చింది? యీ నీటిని నిలబెట్టిన వారెవరు? సావనీరు పాఠకులతో యీ సంగతులు నాలుగు పంచుకోవాలని మా ఉద్దేశం.

దాహం కోసం తవ్విన చెరువు

హుస్సేన్‌సాగర్ దేవుడిచ్చిన సరస్సు కాదు, మనుషులు కట్టిన చెరువు. దీన్ని 1562 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టించారు. అప్పటికి హైదరాబాదు నగరమే లేదు. చార్మినార్ కట్టింది 1591లో. అంటే, వూరు పుట్టకముందే వూరికి నీళ్ళు సిద్ధమైనాయన్నమాట. 1550 నుంచి 1580 వరకు పాలించిన యీ ఇబ్రహీమే తెలుగు కవులను ఆదరించి, వారి నోట "మల్కిభరాము"డని పిలిపించుకున్నవాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

చెరువు పని చూసినవారు హజ్రత్ హుస్సేన్ షా వలీ. ఆయన గుల్బర్గా ఖ్వాజా బందానవాజ్ గారి వంశీయులనీ, సుల్తానుకు అల్లుడనీ చెబుతారు. ఒకపక్క సూఫీ సాధువు, మరోపక్క కట్టడాలు తెలిసిన మనిషి. వాగుకు అడ్డంగా పెద్ద కట్ట పోయించి, మూసీ నుంచి కాలువ తీయించి నీరు చేర్చారు. సుల్తాను తన పేరే పెట్టాలనుకున్నా జనం మాత్రం పని చేయించిన వలీ పేరే పిలిచారనీ, అందుకే ఇది హుస్సేన్‌సాగర్ అయిందనీ పెద్దలు చెప్పుకునే కథ. కథ సంగతి ఎట్లా వున్నా, రాజు పేరు కాక పని చేసినవాడి పేరు నిలవటం మాత్రం మన కళ్ళముందున్న సత్యం. వారి దర్గా గోల్కొండకు అవతల రాయదుర్గం దారిలో నేటికీ వుంది. అక్కడ ఫాతెహా చదివేవారిలో ఎందరికి యీ చెరువు గుర్తొస్తుందో!

దొరల పడవలు

1798 ఒప్పందం తరువాత ఇంగ్లీషు ఫౌజు యిక్కడ స్థిరపడింది. చెరువుకు ఉత్తరాన పెరిగిన కంటోన్మెంటు పేటకు 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు వచ్చింది. హైదరాబాదుకూ సికింద్రాబాదుకూ నడుమ చెరువు కట్టే దారి అయింది. షికారు పడవలు నీటి మీదికి వచ్చింది యీ దొరల చేతుల మీదుగానే. ఉత్తరపు ఒడ్డున ఒక బస్తీని నేటికీ "బోట్స్ క్లబ్" అనే పిలుస్తున్నాం. ఆ రోజుల్లో క్లబ్బు గేటు దాటి పడవ ఎక్కే భాగ్యం సామాన్యుడికి లేదు. అతడు కట్ట మీద నిలబడి చూడవలసిందే.

చెరువు నడుమనున్న బండరాయికి "జిబ్రాల్టర్ రాక్" అని పేరుంది. అసలు జిబ్రాల్టర్ అన్న మాట అరబ్బీలోని "జబల్ తారిఖ్" నుంచి వచ్చింది. అంటే తారిఖ్ కొండ. 711లో సముద్రం దాటి స్పెయిన్‌లో దిగిన తారిఖ్ బిన్ జియాద్ పేరు అది. ఒక సముద్రపు కొండ పేరు తిరిగి తిరిగి మన చెరువులో రాయికి అతుక్కోవటం విచిత్రమే కదా!

కాపలా తప్పిన నీరు

1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచింది. ఆ తరువాత వరదను ఆపటానికి, తాగునీటికి మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అంతకు ముందు దాకా నగరానికి ముఖ్యమైన నీటి ఆధారాల్లో హుస్సేన్‌సాగర్ ఒకటి. కొత్త చెరువులు రావటంతో పాత చెరువు సేవ నుంచి తప్పుకుంది. 1946లో దీవాను సర్ మీర్జా ఇస్మాయిల్ కట్ట మీది రోడ్డును వెడల్పు చేయించారు. జనం గాలికి రావటం అప్పటి నుంచి మరింత పెరిగింది.

మాకు తోచేదేమంటే, చెరువుకు దెబ్బ తగిలింది యిక్కడే. తాగినంతకాలం నీటికి కాపలా వుంటుంది. తాగటం మానేశాక అది చూడటానికి మాత్రమే మిగులుతుంది. చూడటానికి మిగిలిన నీటిలోకి మురుగు వదిలితే అడిగేవాడెవడు? కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా అన్నీ యిందులోకే వచ్చి పడ్డాయి. ఫ్యాక్టరీల వ్యర్థాలు, యిళ్ళ మురుగు కలిసి వచ్చాయి. గుర్రపుడెక్క పెరిగింది, చేపలు చచ్చి తేలాయి, ఆక్రమణలకు చెరువు కుంచించుకుపోయింది. 2006లో జపాను అప్పుతో శుద్ధి పథకం మొదలుపెట్టారు. కొంత మేలు జరిగింది, కాని జబ్బు కుదరలేదు.

విచారించవలసిన సంగతి యిదే. దొరల కాలంలో నీరు బాగుండేది, పడవ మనది కాదు. ఇప్పుడు టికెట్టు కొన్న ప్రతివాడిదీ పడవే, కాని నీరు చెడిపోయింది.

పడవ అందరిదీ అయిన తీరు

పడవ అందరిదీ కావటం వెనుక ఒక దుర్ఘటన కూడా వుంది. చెరువు మధ్య రాతి మీద నిలపాలని చెక్కించిన ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని 1990 మార్చి 10న బల్లకట్టు మీద తీసుకుపోతుండగా, బల్లకట్టు ఒరిగి విగ్రహం నీటిలో పడిపోయింది. పలువురు పనివాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళకు పైగా విగ్రహం అడుగునే వుంది. 1992 డిసెంబరు 1న దాన్ని లేపి నిలిపారు. 1994లో లుంబినీ పార్కు వచ్చింది, లాంచీలు వచ్చాయి. మనం సరదాగా వెళ్ళే ఆ దారిలోనే కూలివాళ్ళు మునిగిపోయారన్నది మరువరాదు. నీరు ఎంత ప్రశాంతంగా కనిపించినా బరువు లెక్క తప్పితే క్షమించదు.

లాంచీలే కాదు, తెరచాప పడవలూ వున్నాయి. వీటి పందేలు ఎక్కువగా జూలైలో జరుగుతాయి. కారణం గాలి. ఎండాకాలంలో నీరు అద్దంలా నిశ్చలంగా వుంటే తెరచాపకు పని లేదు. నైరుతి రుతుపవనం అందుకున్నాక దాని బలం తెలుస్తుంది. గాలికి సూటిగా ఎదురుపోవటం ఏ తెరచాప వల్లా కాదు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఏటవాలుగా మలుపులు తిరుగుతూ ఎదురుగాలిలోనే గమ్యం చేరాలి. మన బీదసాదల బతుకుకు దీనికన్నా మంచి పాఠం ఏముంది!

చాలాకాలం యీ ఆట ఫౌజు క్లబ్బులదే. 2009లో సుహైమ్ షేక్ గారు యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ స్థాపించి, పేద బస్తీల పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, నీటి మీదికి తెచ్చారు. పిల్లలు మొదట నేర్చుకునేది ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ. ఏడడుగుల తొమ్మిదంగుళాల పొడవు, ఒకటే తెరచాప. అట్లా నేర్చుకున్నవారిలో ప్రీతి కొంగర అనే అమ్మాయి 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారతదేశం తరఫున పాల్గొన్నది. ఒకనాడు కట్ట మీద నిలబడి చూసినవారి మనవరాళ్ళ వయసు పిల్లలు నేడు చుక్కాని పట్టారు.

మన వంతు

ప్రవహించే నది ఒడ్డున వున్నా వజూ నీటిని వృథా చేయవద్దని మనకు నేర్పారు. నీటి బిందువును లెక్కించమన్న దీన్ మనది, చెరువు కట్టిన వలీ మనవాడని చెప్పుకునే గర్వం మనది. మరి పడవ దిగుతూ వేరుశెనగ పొట్లం కాగితం నీళ్ళలో విసిరేది ఎవరు? అందులో మనమూ వున్నామని ఒప్పుకోవాలి.

వచ్చే సెలవుల్లో మన పిల్లలను పడవ ఎక్కించే పెద్దలకు మా మనవి మూడు మాటలే. మొదటిది, లైఫ్ జాకెట్టు కట్టుకోనిదే పిల్లల్ని ఎక్కించకండి, కిక్కిరిసిన పడవ వస్తే తరువాతి దాని కోసం ఆగండి. రెండవది, పిల్లలకు, మగపిల్లలతో పాటు ఆడపిల్లలకు కూడా, ఈత నేర్పించండి. మూడవది, పడవ నడుస్తుండగా వారికి హుస్సేన్ షా వలీ కథ చెప్పండి. తాతలు యిచ్చిన నీటిని మనం ఎలా వుంచామని వారు అడుగుతారు. ఆ ప్రశ్నకు తల దించుకోకుండా జవాబు చెప్పే రోజు అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.