గ్వాన్ యూ

గ్వాన్ యూ (మరణము క్రీ. శ. 220): చీనాదేశమున హాన్ సామ్రాజ్యపు అవసానదశలో ల్యూ బేయి పక్షమున పోరాడి, తరువాతి శతాబ్దులలో దేవతాపదవి నందిన సేనాని. జన్మస్థానము నేటి షాన్సీ రాష్ట్రమునందలిది. 200లో ల్యూ బేయికి ప్రతిపక్షియగు ఛావ్ ఛావ్‌కు బందీయై, ఆతని మన్ననలకు ప్రతిగా ఆతని శత్రుసేనానియగు యెన్ ల్యాంగును సేనామధ్యముననే వధించి ఋణము దీర్చుకొని, ఆతడొసగిన కానుకల నన్నిటిని ముద్రవైచి విడిచి, తన ప్రభువుకడకు మరలిపోయెను. ఇతని కీర్తికి మూలము విజయములకంటె ఈ ప్రభుభక్తియే యని చెప్పవలెను. 219లో ఛావ్ ఛావ్ పక్షపు ఫాన్‌చెంగ్ నగరమును ఇతడు ముట్టడించువేళ హాన్ నది పొంగి శత్రుసైన్యమును ముంచివేయగా ఇతని పేరు దేశమంతట మాఱుమ్రోగెను గాని, వెనుకనుండి ఆగ్నేయప్రాంతాధిపతియగు సున్ చ్యువాన్ సేనలు ఇతని యధీనమందున్న జింగ్‌జౌను ఆక్రమించుటతో పట్టువడి శిరశ్ఛేదమునకు గుఱియయ్యెను.

బౌద్ధులితనిని సంఘారామరక్షకునిగ గ్రహించిరి. 1614లో మింగ్ చక్రవర్తి వాన్లీ దేవసామ్రాట్టు బిరుద మొసగెను. సత్యసంధుడగుటచే వర్తకులు ధనదేవతగ గొలుతురు. హాంకాంగు రక్షకభటనిలయములందును ఇతని పీఠములు గలవు. విగ్రహములందలి దీర్ఘశ్మశ్రువు చరిత్రసిద్ధమే. చేతి చంద్రవంక ఖడ్గము మాత్రము చెన్ షౌ రచించిన చరిత్రలో కానరాదు, అది కథకుల కల్పన.