పటమూ ఇంటిపేరూ: పొల్లాచ్చి తెలుగు ఇళ్ళు

మదురైలో తిరుమల నాయకుడు (1623–1659) కట్టించిన పుదుమండపంలో నాయకరాజుల నిలువెత్తు శిల్పాలున్నాయి. ప్రతి బొమ్మనూ ఫలానా రాజని పేరుపెట్టి చెబుతారు. ఆ మండపానికి 1858లో లీనియస్ ట్రైప్ ఛాయాచిత్రాలు తీశాడు. అర్ధశతాబ్ది తరువాత, 1909లో ఎడ్గార్ థర్స్టన్ ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణభారత కులాల గ్రంథంలో సామాన్యుల ముఖాలూ కనిపిస్తాయి. అయితే వాటిలో చాలా చిత్రాల కింద ఉన్నది కులం పేరే. మనిషి పేరు లేదు.

పొల్లాచ్చి ప్రాంతపు తెలుగు ఇళ్ళలో గోడకు తగిలించిన పెద్దల పటాల సంగతి వేరు. ఇంట్లోవారికి ఆ పటంలో ఉన్నది తాత, అవ్వ. కాని తలపాగా, నామం, నగలు వేషాన్ని చెబుతాయి గాని భాషను చెప్పవు. కింద పేరు రాస్తే సాధారణంగా తమిళ లిపిలోనే రాస్తారు. ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. పైగా తమిళనాట పేరుకు ముందుండే ఇనిషియల్ తండ్రి పేరుది, ఆంధ్రదేశంలో ఇంటిపేరుది. కనుక ఇంటిపేరు పటంలోకి ఎక్కదు, పెద్దల నోటనే మిగులుతుంది.

తెలుగు ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్లే ఎక్కువ. వలస ఎక్కడినుంచి సాగిందో వెదికేవారికి అవి విలువైన ఆధారాలు. అందుచేత ప్రతి పటం వెనుకా పేరు, ఇంటిపేరు, ఊరు, వరస రాసిపెట్టడం అవసరం. ఏ లిపిలో రాసినా సరే, చెప్పగలవారు ఉండగానే రాయాలి.