వసంతోత్సవం – కొండవీడు, హిరోసాకి, మన ఓరుగల్లు

మన సంఘం ఉగాది ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. కరువు భత్యం గూర్చి, వైద్య ఖర్చుల బిల్లుల గూర్చి నాకంటె బాగా వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. అందుచేత నేను పూల గూర్చి వ్రాస్తానన్నాను. పెన్షనరుకు పూలతో ఏమి పని అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. పని ఉన్నదనీ, అది మన వంటి గుమాస్తాలు మాత్రమే ఓపికగా చేయగల పని అనీ నా నమ్మకం. అదేమిటో చివర మనవి చేస్తాను. ముందు కొంత చరిత్ర.

రాజుగారి వసంతోత్సవం

తెలుగునాట వసంతోత్సవం నిన్న మొన్నటిది కాదు. శాతవాహన రాజు హాలుడు కూర్చినదిగా చెప్పే ప్రాకృత గాథాసప్తశతిలోనే ఫాల్గుణ మాసపు వేడుకల ప్రస్తావన ఉన్నది. మోదుగు పూలను చిలుక ముక్కులతో పోల్చిన గాథ కూడా అందులో కనబడుతుంది.

అయితే వసంతోత్సవం అనగానే చదువుకున్నవారికి గుర్తుకు వచ్చేది కొండవీడు. 1323లో మన ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యాల వశమై కాకతీయ రాజ్యం అంతరించిన తరువాత, తీరాంధ్రంలో తలయెత్తిన రాజ్యాలలో రెడ్డిరాజులది ఒకటి. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో నెలకొల్పిన ఆ రాజ్యానికి తరువాత గుంటూరు దగ్గరి కొండవీడు రాజధాని అయినది. ఆ వంశంలో 1386 నుండి 1402 వరకు ఏలిన కుమారగిరిరెడ్డికి 'కర్పూర వసంతరాయలు' అని బిరుదు. సి. నారాయణరెడ్డి గారు 1957లో అదే పేరుతో వ్రాసిన కావ్యాన్ని మన తరం వారు చాలామంది చదివే ఉంటారు. అందులోని లకుమ ఆ రాజు ఆస్థాన నర్తకి.

ఏటా జరిగే ఆ ఉత్సవంలో కర్పూరం, కస్తూరి, చందనం, పన్నీరు లెక్కలేకుండా ఖర్చయ్యేవి. వాటిని సరఫరా చేసినవాడు అవచి తిప్పయశెట్టి. మన కార్యాలయ భాషలో చెప్పాలంటే ఉత్సవానికి సప్లయి కాంట్రాక్టరు. శ్రీనాథ మహాకవి 'హరవిలాసం' కావ్యాన్ని ఈ శెట్టిగారికే అంకితమిచ్చాడు. దూరదేశాల కర్పూరం, సింహళపు ఏనుగులు, హోర్ముజ్ గుర్రాలు, చీనా పట్టు – ఓడల మీద ఆయన తెప్పించిన సరుకుల వివరం ఆ కావ్యంలో ఉన్నది. ఈ సముద్ర వ్యాపారానికి అంతకు ముందే దారి వేసినవాడు మన కాకతి గణపతిదేవుడు. 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో ఆయన ఓడ వర్తకులకు రక్షణ ఇచ్చి, చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు మొదలైన వాటికి సుంకం రేట్లు రాతి మీద చెక్కించాడు. రాజు మారినా, పార్టీ మారినా రేట్లలో తేడా రాకుండా రాతిలో వ్రాయించడం పరిపాలన తెలిసినవాని లక్షణం.

ఇంత వైభవం చివరకు ఏమైనది? కుమారగిరి పోయాడు. 1420ల నాటికి కొండవీటి రెడ్ల రాజ్యమే పోయినది. ఆయన పేర వెలసిన 'వసంతరాజీయం' అనే నాట్యశాస్త్ర గ్రంథం కూడా మనకు దక్కలేదు. ఇతరులు తమ వ్యాఖ్యలలో పేర్కొనడం వల్లనే అది ఉండేదని తెలుస్తున్నది. బొక్కసం మీద నడిచిన పండుగ బొక్కసంతో పాటే ముగిసింది.

పూర్తిగా పోలేదని కూడా చెప్పాలి. తిరుమలలో చైత్ర శుద్ధ త్రయోదశి నుండి పౌర్ణమి వరకు మూడు రోజులు వసంతోత్సవం జరుగుతుంది. భద్రాచలంలో ఫాల్గుణ పౌర్ణమి నాడు వసంతోత్సవం చేసి, శ్రీరామనవమి తలంబ్రాలు కలపడం ఆరంభిస్తారు. రాజుల వద్ద నిలవనిది దేవుడి వద్ద ఎందుకు నిలిచినది? భక్తి ఒక కారణం. రెండవ కారణం, ఆ పనికి ఒక తిథి వ్రాసి ఉన్నది, ఆ తిథికి ఆ పని చేయవలసిన మనిషి ఉన్నాడు. రిజిష్టరులో ఉన్న పని ఆగదని మనకు సర్వీసు నేర్పిన పాఠమే ఇది.

జపానువారి పూల దర్శనం

ఇక్కడ జపాను ప్రస్తావన ఎందుకు తెస్తున్నానంటే, వసంతంలో పూలు చూడడాన్ని దేశమంతటి పండుగగా నిలుపుకున్నవారు వారు. దానిని 'హనామి' అంటారు, అనగా పూలు చూడడం. చూసేది 'సకురా' అనే చెర్రీ జాతి పూలు. వారికి కూడా అది మొదట రాజుగారి వేడుకే. 812లో సాగా చక్రవర్తి క్యోటోలో పూల విందు చేసినట్లు వారి చరిత్రలో ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో షోగన్ యోషిమునే నేటి టోక్యో అయిన ఎదో నగరంలో సామాన్యులు తిరిగే చోట్ల ఈ చెట్లు నాటించాడు. అప్పటి నుండి కూలివాడు కూడా అన్నం మూట కట్టుకుని చెట్టు కిందికి రాసాగాడు.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఉత్తర జపానులోని సెందాయిలో ఉన్నప్పుడు, 2018 ఏప్రిల్ చివర, నేను, మా ఇంటావిడ అక్కడికి వెళ్ళడం తటస్థించినది. దక్షిణాన పూలు మార్చి చివరలోనే వచ్చి పోతాయి. చలి ఎక్కువైన ఉత్తరాన ఏప్రిల్ చివరకు గాని రావు. అబ్బాయి మమ్మల్ని రైలులో అవోమొరి రాష్ట్రంలోని హిరోసాకి అనే పట్టణానికి తీసుకుపోయాడు. అక్కడ ఒక కోట, కోట చుట్టూ నీటి కందకాలు, కందకాల గట్టు మీద పూల చెట్లు. దూరాన మంచు కప్పిన ఇవాకి పర్వతం. రాలిన రేకులు నీటి మీద తెట్టుగా పరుచుకుని కందకం నీరే కనబడడం లేదు. జనం నేల మీద నీలం పట్టాలు పరచి, చెప్పులు విడిచి, ఇంటినుండి తెచ్చుకున్నవి తింటున్నారు. ముసలివారే ఎక్కువ. వాలిన కొమ్మలకు కర్రలు ఆనించి ఉండడం చూసి మా ఇంటావిడ, "మన ఈడు చెట్లే ఇవి" అన్నది.

కోటలో చెట్లు నాటినవారు

ఆ కోట కథ మన ఓరుగల్లువారు తప్పక తెలుసుకోవాలి. త్సుగారు వంశపు ప్రభువులు 1611లో దానిని పూర్తి చేశారు. 1715లో వారి కొలువువారు క్యోటో నుండి ఇరవైఐదు సకురా మొక్కలు తెచ్చి కోటలో నాటారు. 1871లో జపాను ప్రభుత్వం సంస్థానాలను రద్దు చేసినపుడు ప్రభువు పోయాడు, కోట పాడుపడినది. కొండవీటికి పట్టిన గతి దానికీ పట్టవలసినదే. అట్లా జరగకపోవడానికి ఒక మనిషి కారణం.

ఆయన పేరు కికుచి తతే. ఆ సంస్థానంలోనే కత్తి పట్టిన కొలువుదారు. కొలువు పోయిన తరువాత ఆపిల్ తోటలు పెంచాడు. నేడు జపానులో పండే ఆపిల్ పండ్లలో సగానికి పైగా అవోమొరివే. ఆ సాగుకు ఆద్యులలో ఆయన ఒకడు. 1882లో ఆయన పాడుపడిన కోటలో వెయ్యి సకురా మొక్కలు నాటాడు. మెచ్చుకోవలసిన తోటి కొలువుదారులే కోపించారు. ప్రభువులు ఏలిన కోటను పూల కింద తాగి చిందులు వేసే చోటుగా చేస్తావా అని చాలా మొక్కలను విరిచారు, పీకివేశారు. అయినా కొన్ని మిగిలాయి. ఆనాడు నాటిన చెట్టు ఒకటి ఇంకా పూస్తున్నది. 1895లో కోటను ప్రజల ఉద్యానవనంగా తెరిచారు, మళ్ళీ మళ్ళీ మొక్కలు నాటారు. 1918లో మొదటి పూల ఉత్సవం జరిగినది. ఇప్పుడు యాభైకి పైగా రకాలవి, సుమారు 2,600 చెట్లు ఉన్నాయి.

ఇందులో మరొక విశేషం ఉన్నది. సకురాను నరికేవాడు తెలివితక్కువవాడు అని జపానులో సామెత. కొమ్మ కోస్తే ఆ చెట్టు కుళ్ళిపోతుందని భయం. సోమే యోషినో అనే ముఖ్యమైన రకం అంటు కట్టి పెంచేది. మన అంటుమామిడి వలె అన్నీ ఒకే చెట్టు సంతానం కనుక ఒకేసారి పూస్తాయి. ఆ రకం ఆయుర్దాయం అరవై, ఎనభై ఏళ్ళని సాధారణంగా చెబుతారు. హిరోసాకి తోటమాలులు మాత్రం ఆపిల్ చెట్లకు కత్తిరింపు చేసే పద్ధతినే సకురాకు వాడి, ముసలి కొమ్మలు తీసివేసి, కొత్త చిగుళ్ళు రప్పించారు. ఎరువు వేశారు. అక్కడ వందేళ్ళు దాటిన చెట్లు మూడు వందలకు పైగా ఉన్నాయి. రైతు చేతి విద్య రాజు తోటను బ్రతికించినది.

మన మోదుగు

ఆ రోజు చెట్టు కింద కూర్చున్నప్పుడు మా మనవడు, "తాతయ్యా, వరంగల్‌లో ఏ పూలు చూడడానికి పోతారు?" అని అడిగాడు. మోదుగు పూలు అని చెప్పాను. "ఎప్పుడు పూస్తాయి?" అని మళ్ళీ అడిగాడు. హోలీకి ముందు అన్నాను. "ఏ తేదీన?" అన్నాడు. అక్కడ పిల్లలకు టెలివిజనులో వాతావరణంతో పాటు పూల తేదీలు కూడా చెబుతారు మరి.

మన తరం వారికి మోదుగు గూర్చి చెప్పనక్కరలేదు. ఆకులు రాల్చి, మాఘ ఫాల్గుణాలలో చెట్టంతా నిప్పంటుకున్నట్లు పూస్తుంది. ములుగు దారిలో, పాకాల, నర్సంపేట వైపు అడవి అంచున వరుసగా కనబడేది. కాముని పున్నమికి ముందు పిల్లలం గంపలతో పూలు ఏరుకొస్తే, మా నాయనమ్మ కుండలో నీళ్ళు పోసి ఉడకబెట్టేది. పసుపుపచ్చని వసంతం తయారయ్యేది. బట్టకు పట్టినా ఒంటికి హాని లేదు. ఆకులు విస్తర్లకు, పుల్లలు హోమానికి, ఒడుగునాడు వటువు చేతికి మోదుగు కర్ర. వాసన లేని పువ్వని పండితులు చిన్నచూపు చూశారు గాని, పల్లె దానిని పండుగ చేసుకున్నది. దాశరథి రంగాచార్య గారు తెలంగాణ ప్రజల పోరాటం మీద వ్రాసిన నవలకు 'మోదుగుపూలు' అనే పేరే పెట్టారు.

కొండవీటి రాజు వసంతానికి కర్పూరం ఓడల మీద రావలసి వచ్చినది. మన పల్లె వసంతానికి ఒక కుండ, పిడికెడు కట్టెలు చాలేవి. రాజులది ఆరువందల ఏళ్ళ కింద పోతే, మనది మన కండ్ల ముందే పోతున్నది. రోడ్లు వెడల్పయ్యాయి, అడవి అంచు పొలమైనది, పొలం ప్లాట్లయినది, విస్తరి స్థానంలో ప్లాస్టిక్ పళ్ళెం వచ్చినది, రంగు పొట్లాలలో దొరుకుతున్నది. తాటిచెట్టుకు నంబరు వేసి పన్ను కట్టించుకున్న ప్రభుత్వాలు మోదుగు చెట్టును లెక్కలోకి తీసుకోలేదు. దాని మీద రాబడి లేదు గదా! లెక్కలో లేనిది పోయినా పోయినట్లు ఎవరికీ తెలియదు.

సభ్యులకు మనవి

ఇప్పుడు మొదట చెప్పిన పనికి వస్తాను. క్యోటోలో కొలువు ఉద్యోగులు, సన్న్యాసులు తమ దినచర్యలలో సకురా ఏ రోజున పూచినదీ వ్రాసుకునేవారు. అది 812 నుండి లభిస్తున్నది. యాసుయుకి అవోనో అనే శాస్త్రవేత్త ఆ పాత దినచర్యలు వెతికి, చాంద్రమాన తిథులను నేటి తేదీలలోకి మార్చి, ఒక పట్టిక తయారు చేశారు. 2021లో క్యోటోలో పూలు మార్చి 26న నిండుగా పూచినపుడు, పన్నెండువందల ఏళ్ళలో ఇంత ముందుగా ఎన్నడూ పూయలేదని ఆ పట్టిక వల్లనే చెప్పగలిగారు. భూమి వేడెక్కుతున్నదనడానికి ప్రపంచమంతా దానిని సాక్ష్యంగా చూపుతున్నది. ఎవరో గుమాస్తా వంటివాడు సాయంత్రం దీపం ముందు వ్రాసుకున్న ఒక పంక్తికి ఇంతకంటె గౌరవం ఏమి కావాలి?

మనం కూడా అట్లాంటి రిజిష్టరు ఒకటి తెరుద్దాం. సంఘ కార్యాలయంలో ఒక లాంగ్‌బుక్కు, అందులో ఐదు గడులు: చెట్టు ఉన్న చోటు, మొదటి పువ్వు కనబడిన తేదీ, చెట్టు నిండుగా పూచిన తేదీ, పూలు రాలిన తేదీ, చూసినవారి సంతకం. తిథి వ్రాసినా ఇంగ్లీషు తేదీ తప్పక వ్రాయాలి. అధికమాసాల వల్ల తిథి ముందు వెనుకలవుతుంది. హన్మకొండ, వరంగల్, ములుగు, నర్సంపేట, పరకాల, జనగామ – మన సభ్యులు లేని ఊరు లేదు. ఉదయం నడకకు పోయేవారు ఒక్కొక్క చెట్టును దత్తు తీసుకుంటే చాలు. మోదుగుతో పాటు బూరుగ, రేల కూడా చేర్చవచ్చు.

రెండవది, నాటడం. ఓరుగల్లు కోటకూ కందకం ఉన్నది, రాతి ప్రాకారం ఉన్నది గాని, అది రక్షిత కట్టడం. పురావస్తు శాఖ వారి అనుమతి లేనిదే అక్కడ గడ్డపార వేయరాదు. రాళ్ళ సందున వేరు దిగితే గోడకే ముప్పు. కనుక పాఠశాల ఆవరణలు, చెరువు గట్ల దిగువ నేలలు, శ్మశాన వాటికలు చూసుకుందాం. సంబంధించిన వారి అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకుందాం. మోదుగు కాయ వేసవి చివర పండుతుంది. విత్తును తొలకరికి పెడితే గట్టి నేలలో కూడా మొలుస్తుంది. మొదటి రెండు మూడు వేసవులు కాపాడడమే అసలు పని. నాటిన రోజు ఫోటోకు వచ్చేవారు చాలామంది ఉంటారు, మే నెలలో బిందె మోసేవారే కావాలి.

ఇవి పూసేనాటికి మనలో చాలామందిమి ఉండము. కికుచి తతే వెయ్యి మొక్కలు నాటిన ముప్ఫైఆరు ఏళ్ళకు గాని అక్కడ మొదటి ఉత్సవం జరగలేదు. ఈ ఫాల్గుణంలో మీ ఊరి చెట్టుకు మొదటి పువ్వు కనబడిన రోజున ఒక పోస్టుకార్డు వ్రాసినా, ఫోను చేసి చెప్పినా నేను పుస్తకంలో ఎక్కిస్తాను. మొదటి పేజీకి గీతలు గీసి సిద్ధంగా ఉంచాను.