టే ఆఉటే పాఠశాల: పుస్తకమా, పారయా?

న్యూజీలాండు దేశపు ఉత్తర ద్వీపమునకు తూర్పుతీరమున హాక్స్‌బే అను జిల్లా కలదు. ఆ జిల్లాలో పుకెహౌ అను పల్లెయొద్ద 1854వ సంవత్సరమున పండ్రెండుగురు పిల్లలతో ఒక బడి మొదలయ్యెను. దాని పేరు టే ఆఉటే. ఆ దేశపు మూలనివాసులగు మావోరీల పిల్లల నిమిత్తము దానిని స్థాపించినవారు సామ్యూల్ విలియమ్సు దొరగారను మిషనెరీ. ఆ ప్రాంతమునకు వెళ్లి పాఠశాల పెట్టుడని గవర్నరు జార్జి గ్రేగారు వారిని కోరియుండిరి. భూమి లేనిదే బోర్డింగు బడి నిలువదు. కావున కొంత భూమిని ప్రభుత్వమువారును, కొంత భూమిని అచ్చటి మావోరీ పెద్దలును ఇచ్చిరి. తండ్రితాతలనాటి నేలను పిల్లల చదువుకొరకు విడిచియిచ్చిన ఆ పెద్దల సంగతి మొదటనే చెప్పుట న్యాయము. ఈ బడి వారికి ఉచితముగా దొరకినది కాదు.

1859లో బడి మూతపడెను. తరువాతి దశాబ్దమున ఆ ద్వీపములో భూమి నిమిత్తమై తెల్లవారికిని మావోరీలకును యుద్ధములు జరిగెను. 1872లో గాని బడి తలుపులు మరల తెరువబడలేదు. 1878లో జాన్ థార్న్‌టనుగారు ప్రధానోపాధ్యాయులుగా వచ్చి, 1912 వరకు, అనగా ముప్పదినాలుగు సంవత్సరములు, ఆ పనియందే యుండిరి.

థార్న్‌టనుగారు వచ్చిన కాలమున మావోరీ పల్లెబడులు 1867 నాటి చట్టమువలన ఏర్పడినవి. అక్షరములు, లెక్కలు, కొంచెము ఇంగ్లీషు వచ్చిన చాలునని ఆ బడులను నడపించువారి భావము. మలయా రబ్బరు తోటలలోను ఇట్టి భావమే యుండెను. పనివారి పిల్లలు పదిమంది యున్న తోటలో బడి పెట్టవలెనని 1923 నాటి కూలిచట్టము విధించినను, ఆ బడి ప్రాథమిక తరగతులను దాటలేదు. ఇక్కడ థార్న్‌టనుగారు చేసిన పని యేమనగా, తెల్లవారి పిల్లలు వ్రాయు విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషను పరీక్షనే తమ మావోరీ పిల్లలచేత వ్రాయింప బూనిరి. లాటిను, యూక్లిడు క్షేత్రగణితము, బీజగణితము బోధించిరి. గొప్పగా చెప్పుకొనుటకు వారిట్లు చేయలేదు. ఆ పరీక్ష దాటనివానికి వైద్యకళాశాల తలుపును, న్యాయశాస్త్రపు తలుపును తెరువబడవు. తెరువని తలుపు బయట నిలిచినవాడు ఎంత తెలివిగలవాడైనను కూలివాడే యగును.

బోర్డింగు జీవితమునందు వేరొక మేలు కలిగెను. మావోరీలు అనేక తెగలవారు. వారి తాతలలో కొందరు ఒకరినొకరు యుద్ధములలో చంపుకొనినవారే. ఇప్పుడు తూర్పుతీరపు పిల్లవాడును పడమటి తరనాకి పిల్లవాడును ఒకే కప్పు క్రింద పండుకొని, ఒకే పాఠము వల్లించుచుండిరి. 1890 ప్రాంతమున రేవేతీ కోహేరే, మౌయి పోమారే, తీముతీము తాఫాయి అను ముగ్గురు విద్యార్థులు సంఘమొకటి కట్టుకొని, సెలవులలో కాలినడకను హాక్స్‌బే పల్లెలకు పోయి, త్రాగుడు మానుడు, ఇండ్లు శుభ్రముగా నుంచుడు అని చెప్పనారంభించిరి. మీసములు రాని బాలురు పెద్దలకు బుద్ధిచెప్పుట ఏ దేశమునందును సులభము కాదు. ఆ యాత్రలవలన పెద్దమార్పు కలుగలేదు. అయినను 1897లో పూర్వవిద్యార్థులును, విద్యార్థులును చేరి టే ఆఉటే కాలేజి విద్యార్థుల సంఘమును స్థాపించిరి. వీరినే తరువాత యువ మావోరీ పక్షమని పిలిచిరి. 1896 జనాభా లెక్కలో మావోరీలు సుమారు 42,000 మంది మాత్రమే. ఈ జాతి అంతరించుచున్నదని ఆ కాలపు తెల్లవారు బహిరంగముగా వ్రాయుచుండిరి. సంఘమువారి ముందున్న ప్రశ్న ఇదియే: బ్రదుకుదుమా, లేదా?

సంఘపు పనికి ముందు నిలిచినవాడు ఆపిరానా ఙాటా. ఙ అను అక్షరమును తెలుగు పిల్లలు పలకమీద దిద్ది మరచిపోవుదురు గాని, మావోరీ భాషలో ఆ ధ్వనితో పేర్లే మొదలగును. ఇతడు 1874లో పుట్టి, తొమ్మిదవయేట టే ఆఉటేకు వచ్చి, అక్కడనుండి కళాశాలకు పోయి, 1893లో బి.ఏ. పట్టము పొందెను. ఆ దేశపు విశ్వవిద్యాలయములో పట్టము పొందిన మొదటి మావోరీ ఇతడే. 1896లో న్యాయశాస్త్ర పట్టము కూడ వచ్చెను. 1905 నుండి 1943 వరకు పార్లమెంటు సభ్యుడుగా నుండెను. కాలినడక యాత్ర చేసిన పోమారే 1899లో అమెరికాలోని షికాగోలో వైద్యపట్టము పొంది, మావోరీలలో మొదటి డాక్టరై, 1901లో మావోరీల ఆరోగ్యాధికారిగా నియమింపబడెను. పల్లెపల్లెకును తిరిగి, మంచినీటికి వసతి చూచి, గాలిలేని గుడిసెలను పడగొట్టించి, మరుగుదొడ్లు కట్టించెను. కూలి లైనులలో కాపురము చేసినవారికి ఈ పని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. 1923 నుండి 1926 వరకు దేశమంతటికిని ఆరోగ్యశాఖ మంత్రిగా నుండినది ఈయనయే.

మూడవవాడు టే రంగి హీరోఆ. పీటర్ బక్ అనియు పేరు. తండ్రి ఐరిషువాడు, తల్లి మావోరీ స్త్రీ. తల్లి పోయిన తరువాత తండ్రితో వైరరాపా ప్రాంతమునకు పోయి గొర్రెల పెంపకపు పనులు చేయుచుండెను. 1896లో, ఇతరులు బడి విడుచు వయస్సున, టే ఆఉటేలో చేరి, మూడేండ్లు చదివి, ఒటాగో వైద్యకళాశాలకు పోయి 1904లో డాక్టరయ్యెను. ఆ మూడేండ్లు లేనిచో ఆ యువకుని కథ గొర్రెలదొడ్డిలోనే ముగిసియుండును. కడపట హవాయి ద్వీపములలోని బిషప్ మ్యూజియమునకు 1936 నుండి 1951లో మరణించువరకు అధ్యక్షుడుగా నుండి, పసిఫిక్ ద్వీపవాసుల చరిత్రను వ్రాసెను.

ఇట్టి ఫలములు కనబడుచుండగనే పాఠశాలమీద దాడి మొదలయ్యెను. విద్యాశాఖ ముఖ్యాధికారియగు జార్జి హాగ్బెనుగారు లాటినువంటి చదువులు మావోరీలకేల, వ్యవసాయము, చేతిపనులు నేర్పుడని ఒత్తిడి చేసిరి. 1906లో ప్రభుత్వము విచారణ కమీషను నేర్పరచెను. భూముల సంగతియు ఆ విచారణలో చేరెను. పాఠశాల భూములను విలియమ్సుగారే కౌలునకు తీసికొని బాగుచేసి గొర్రెలను పెంచిరి. స్వంత ధనమును బడికి వెచ్చించిన మాటయు నిజమే. అయినను కౌలు తక్కువయని చాలకాలము ఫిర్యాదులుండెను. దానమిచ్చినవారి సంతతి లెక్క అడుగుట తప్పు కాదు. కమీషనువారు పాఠశాలలో వ్యవసాయమునకు ముఖ్యస్థానమీయవలెనని సిఫారసు చేసిరి. మావోరీ బాలురకు విద్యావృత్తుల మార్గము మూయరాదని థార్న్‌టనుగారు వాదించిరి. విద్యార్థివేతనములు ప్రభుత్వము చేతిలో నుండుటచేత వాదము ఎంతకాలమని నిలుచును? 1912లో వారు పదవి విడిచిన పిమ్మట వ్యవసాయము పాఠక్రమములో బలపడెను.

వ్యవసాయము నీచమని థార్న్‌టనుగారి శిష్యులలో ఎవరును తలంపలేదు. 1928లో మావోరీ వ్యవహారముల మంత్రియైన ఙాటా మరుసటి సంవత్సరము నుండి ప్రభుత్వ ధనముతో మావోరీల బీడుభూములను సాగుకు తెచ్చు పథకమును నడపెను. కంచెలు, గడ్డివిత్తనము, పాడిపశువులు ఆయన నిత్యపు మాటలు. పొలమునకు పోవలెనా, న్యాయస్థానమునకు పోవలెనా అనునది పిల్లవాడును వాని తల్లిదండ్రులును తేల్చుకొనవలసిన సంగతి. దానిని అధికారి ముందుగనే తేల్చివేయుటయే టే ఆఉటేలో తగవునకు మూలము. ఆ పథకపు లెక్కలనుగూర్చి విచారణ జరిగి 1934లో ఙాటా మంత్రిపదవి విడువవలసివచ్చెను గాని, సాగు ఆగలేదు.

ఆడపిల్లలకొరకు నేపియరు పట్టణమున హుకరేరే అను బడి 1875లోనే పెట్టబడెను. 1931 ఫిబ్రవరి 3వ తేదీని హాక్స్‌బే జిల్లాను కుదిపిన భూకంపమున 256 మంది మరణించిరి. టే ఆఉటే కట్టడములును దెబ్బతినెను. అవి బాగుచేయబడి, పాఠశాల నేటికిని పుకెహౌలో నడుచుచున్నది.