సిలోన్ స్టేషన్, అమ్మ బీడీల చాట

ఎపిసోడ్‌లో పాటల ముచ్చటలో పడి రేడియో కథ సగంలోనే ఆపేసిన. మిగిలింది ఇక్కడ రాస్తున్న.

1952లో బి.వి. కేస్కర్ కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. జనం శాస్త్రీయ సంగీతం వినాలి, సినిమా పాటలు రుచి చెడగొడుతున్నాయి అని ఆయన పట్టుదల. ఆల్ ఇండియా రేడియోలో సినిమా పాటలు తగ్గాయి, నిర్మాతలతో పంచాయితీ ముదిరి దాదాపు బందే అయ్యాయి. ఆయనకు సంగీతం తెల్వదని కాదు, వినేటోళ్లే తెల్వదు.

జనం ఊకుంటరా? ముల్లు తిప్పి సిలోన్ పట్టిండ్రు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం బ్రిటిష్ వాళ్లు అక్కడ పెట్టిన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ మన పాటలకు పనికొచ్చింది. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా బొంబాయిలో రికార్డయి, టేపులు విమానంలో కొలంబో పోయి, అక్కడినుంచి మళ్లీ మన ఇండ్లకు వచ్చేది. తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై గొంతు. షార్ట్‌వేవ్ అంటే ఆకాశంలో పైపొరకు తగిలి కిందికి తిరిగొచ్చే తరంగం. ఆ పొర నిలకడగా ఉండదు, అందుకే పాట దగ్గరికొచ్చి దూరం పోయినట్టు వినపడుతది. ఐటీఐలో సార్ బోర్డు మీద గీసేదాకా అది మా డబ్బా జబ్బే అనుకున్న.

చివరికి సర్కారు దిగొచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ్ భారతి పెట్టింది.

మా నాయిన కొన్న రేడియోకు అప్పట్ల పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేది. ఆ పుస్తకం ఇంకా ఉంది. నాయిన దేశం పోయినంక అమ్మ ఒళ్లో చాట, పక్కన రేడియో. పెళ్లైన కొత్తల సిలోన్ వినేదట, నాకు గుర్తున్ననాటికి హైదరాబాద్ స్టేషన్. అమ్మకు చదువు రాదు. నాయిన ఉత్తరం చదవడానికి ఎవర్నన్నా పిలవాలె, పాటకు ఎవరూ అక్కరలేదు.

ఐటీఐ చదివే రోజుల్లో, రిపేర్ చేస్తనని ఆ రేడియో విప్పిన. మళ్లీ పలకలేదు. అమ్మ ఒక్క మాట అనలేదు. సప్పుడు లేని ఇంట్లో తునికాకు కత్తిరించుకుంట కూసునేది. కొన్నాళ్లకు నేను కూడా విమానం ఎక్కిన.

మొన్న తమ్ముడు ఫోన్ చేసిండు. కొత్త ఇల్లు కడుతున్నం, డబ్బా పాతసామానుకు ఇయ్యాల్నా అని. అమ్మను అడుగురా అన్న.

"వాడే విప్పిండు గదా, వాడొచ్చి బిగిస్తడు" అన్నదట.