పన్ను మనది, కూలి మనది - రోడ్డు ఎవరిది?



"మీకేంటి, హాస్టల్ ఫ్రీ, బియ్యం ఫ్రీ, అన్నీ మా పన్నులే" అనే మాట కాలేజీలో మనందరం ఎప్పుడో ఒకప్పుడు విన్నాం. తలదించుకుని ఊరుకున్నాం. కానీ మన చరిత్ర చదివితే తలదించుకోవాల్సిన పని లేదని తెలుస్తుంది.

1879 రంప తిరుగుబాటు సంగతే చూడండి. రంప మున్సబుదారు మన కొండల్లో కల్లు చెట్ల మీద 'చిగురుపన్ను' వసూలు చేసేవాడు. అది చాలక ఇంకో పన్ను వేశాడు. పైనుంచి తెల్లదొరల ఆబ్కారీ చట్టం వచ్చింది. ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు కూడా నేరమైంది, ఆ హక్కు బయటినుంచి వచ్చిన కాంట్రాక్టర్ల చేతికి పోయింది. భద్రాచలం వైపు రేకపల్లిలో పోడు మీద శిస్తు దాదాపు మూడు రెట్లు పెంచారు. ఇంత కట్టించుకుని మనకిచ్చింది ఏంటి? బడి లేదు, మందు లేదు. పోలీసు ఠాణాలు మాత్రం వచ్చాయి. అందుకే ఆ మార్చిలో చోడవరం వైపు మొదలైన మంట కొండలన్నీ పాకింది. చివరికి మున్సబుదారుని సర్కారే తప్పించాల్సి వచ్చింది.

నలభై ఏళ్ల తర్వాత గూడెంలో కూలి గొడవ. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్లతో రాళ్లు మోయించి, కూలి సరిగా ఇవ్వలేదు. అడిగినవాళ్లకి దెబ్బలు. పోడు మీద, అడవి మీద ఆంక్షలు అప్పటికే ఉన్నాయి. గాం గంటందొర, మల్లుదొర, ఇంకా ఎందరో అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి ఈ కడుపుమంట కూడా ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారంటే ఊరికే పడలేదు.

మరి ఇప్పుడు? మనం ఫోన్ రీఛార్జ్ చేసిన ప్రతిసారీ 18 శాతం జీఎస్టీ కడుతున్నాం. కోటీశ్వరుడి కొడుకు రీఛార్జ్‌కీ అదే 18 శాతం, పోడు రైతు కొడుకు రీఛార్జ్‌కీ అదే 18 శాతం. సంపాదనని బట్టి చూస్తే ఎవరికి బరువు? అమ్మానాన్నలు ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టకపోవచ్చు, అది కట్టేంత కూలి వాళ్లకి ఎవరూ ఇవ్వలేదు కాబట్టి. ఇంత కట్టినా రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణుల్ని ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నాం. మనకి వండిపెట్టే అక్కలకి, ఊళ్లో ఆశా అక్కలకి చేతికొచ్చేది ఎంతో మనకి తెలుసు.

కాబట్టి హాస్టల్ అన్నం ఎవరో వేసిన దానం కాదు. తాతల కాలం నుంచి కడుతున్న దాంట్లో కొంచెం తిరిగొస్తోంది, అంతే. ఈసారి ఎవరైనా ఆ మాటంటే కోప్పడకుండా ఈ లెక్క చెప్దాం.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్లని అడగండి: ఏ పన్నులు కట్టారు, రోడ్డు పనికి ఎంత కూలి ఇచ్చారు అని. వాళ్లు చెప్పింది ఇక్కడ రాయండి. అది మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

జై ఆదివాసీ!