వింటికో స్టెబిలైజరు

స్టెబిలైజరంటే మనకి తెలిసింది ఫ్రిజ్జు పక్కన గోడకి తగిలించే డబ్బా. కరెంటు ఉన్నట్టుండి పెరిగినా తగ్గినా ఆ దెబ్బ ఫ్రిజ్జు మీద పడకుండా కాచుకుంటుంది. అలాంటి కాపలా వింటికి కూడా ఒకటి వుందంటే నమ్ముతారా? వింటి పిడికి ముందువైపు బిగించే కడ్డీ అది. కొసని కాస్త బరువుంటుంది. వేటకి వెళ్ళేవాడు దాన్ని తగిలించుకోవాలా, అక్కర్లేదా అని అమెరికాలో విల్లంబుల వేటగాళ్ళు వాదించుకుంటూ వుంటారు.

మనకెందుకమ్మా ఆ గొడవ అంటారా? మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకి అడ్డుకట్ట వేసింది, నిజమే. కానీ ఆ తగువులో ఒక మూగజీవి బాధ ఇమిడి వుంది. అందుకే నాకది వట్టి మగవాళ్ళ కాలక్షేపం కబురులా తోచదు.

1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ అనే ఊరి దగ్గర, ఆకలికి నీరసించిపోయిన ఒక మనిషి కనిపించాడు. తెల్లవాళ్ళ చేతుల్లో నాశనమైపోయిన యాహి తెగలో ఆఖరివాడు. పాపం, తన పేరు ఎవరికీ చెప్పనే లేదు. వాళ్ళ భాషలో ‘మనిషి’ అని అర్థం వచ్చే ‘ఇషి’ అన్న మాటే పేరై కూచుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయం వారి మ్యూజియంలో ఆయనకి చోటిచ్చారు. అక్కడే సాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు ఆయన దగ్గర విలువిద్య నేర్చుకున్నాడు.

ఇషి విల్లు నిండా నాలుగడుగులు లేదు. దానికి కడ్డీ లేదు, బరువూ లేదు. ఆయనకి వున్నదల్లా ఓర్పు. వేళ్ళు పెదవులకి ఆనించి, ఆపదలో పడ్డ కుందేలు అరిచినట్టు కూతపెట్టి జంతువునే దగ్గరికి రప్పించేవాడు. అంత దగ్గరైతే చెయ్యి రవ్వంత చలించినా గురి తప్పడం తక్కువ. 1916లో ఇషి క్షయతో పోయాడు. 1923లో పోప్ రాసిన పుస్తకం చదివి ఎందరో విల్లు చేతపట్టారు.

1961లో మిస్సోరీ రాష్ట్రంలో విల్లులు చేసే ఎర్ల్ హోయ్ట్ ఈ కడ్డీని తెచ్చాడు. ‘టార్క్ ఫ్లైట్ కాంపెన్సేటర్’ అని నోరు తిరగని పేరు పెట్టాడు. చిత్రమేమంటే పోప్ పేరూ, ఆయన వేట సహచరుడు యంగ్ పేరూ కలిపి ‘పోప్ అండ్ యంగ్ క్లబ్’ అని వేటగాళ్ళు సంఘం పెట్టుకున్నదీ ఆ ఏడాదే.

ఇందులో కిటుకు తెలియాలంటే వంటింట్లో గరిటె చేత్తో పట్టుకుని చటుక్కున పక్కకి తిప్పండి. ఇట్టే తిరుగుతుంది. అదే పొడుగాటి బూజుకర్రని కొస పట్టుకుని తిప్పబోతే మొరాయిస్తుంది. బరువు చేతికి దూరమైన కొద్దీ తిప్పడం కష్టం. బాణం వదిలే క్షణంలో పిడికిలి తెలియకుండానే వింటిని మెలితిప్పుతుంది. దూరాన వున్న ఆ బరువు మెలిపడకుండా ఆపుతుంది.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచిన మన బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖ చేతిలోని వింటికి కూడా ఇలాంటి పొడుగాటి కడ్డీలే. అయితే మైదానంలో చెల్లినవి అడవిలో పొదలకి తట్టుకుంటాయి. అందుకే వేటగాళ్ళు జానెడు కడ్డీతో సరిపెట్టుకుంటారు. వద్దనేవాళ్ళు, రోజంతా ఆ బరువు మొయ్యడం దండగ, ఇషికి అక్కర్లేనిది మనకెందుకంటారు. కావాలనేవాళ్ళు చెయ్యి కుదురుతుందనీ, వింటి అదురు తగ్గుతుందనీ చెబుతారు.

నన్నడిగితే తగిలించుకోమనే అంటాను. కాగితం మీద గురి తప్పితే పోయేది నాలుగు మార్కులు. లేడి మీద తప్పితే అది బాణంతోనే పరుగెత్తి, ఏ పొదలోనో యాతనపడి చస్తుంది. ప్రాణం తీయడానికి సిద్ధపడ్డవాడు చెయ్యి కుదురు చేసుకోవడానికి బద్ధకించకూడదు. కాకపోతే, కడ్డీ వుంది కదా అని పదడుగులు వెనక్కి జరిగి కొడతానంటే మాత్రం వచ్చిన మేలంతా అక్కడే పోతుంది. ఇషి నేర్చిన ఆ దగ్గరితనం వదులుకోకూడదు. గురి కుదరనప్పుడు విల్లు దించేసే నిగ్రహం మాత్రం ఏ కొట్లోనూ అమ్మరు.